అమెరికా ఇళ్ల డెక్‌కు వైర్ మెష్ రెయిలింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

పిట్టగోడలున్న మేడల్లో పెరిగి, అమెరికాలో ఇల్లు కొనుక్కున్నాక తొలిసారి చెక్క డెక్‌కు, అంటే ఇంటిని ఆనుకుని ఉండే చెక్క వేదికకు, యజమానులైన తెలుగువారు చాలామంది ఉన్నారు. పాత రెయిలింగ్ తీసేసి వైర్ మెష్ పెట్టుకోవాలనుకున్నప్పుడు వారికి వచ్చే సందేహాలు ఇంచుమించు ఒకటే కాబట్టి వాటిని పని జరిగే వరుసలో ఇక్కడ ఒకచోట చేర్చాము. అక్కడి దుకాణాల్లోనూ పర్మిట్ కాగితాల్లోనూ వాడేవి అంగుళాలు, అడుగులు, పౌండ్లే కాబట్టి కొలతలు వాటిలోనే ఉన్నాయి.

## నిర్ణయం తీసుకునే ముందు

వైర్ మెష్ రెయిలింగ్ అంటే ఏమిటి? కేబుల్ రెయిలింగ్, ఇదీ ఒకటేనా?

ఒకటి కాదు. మందపాటి ఉక్కు తీగలను నిలువుగా, అడ్డంగా పేర్చి, అవి కలిసిన ప్రతి చోటా వెల్డింగ్ చేసిన గళ్ల పలకను (ప్యానెల్‌ను) పోస్టుల, అంటే నిలువు స్తంభాల, మధ్య చెక్క చట్రంలో బిగిస్తే అది వైర్ మెష్ రెయిలింగ్. కేబుల్ రెయిలింగ్‌లో తీగలు అడ్డంగా మాత్రమే ఉంటాయి. అవి సాగిపోకుండా నిరంతరం బిగువుగా లాగి ఉంచాలి, ఆ లాగుడును తట్టుకోవడానికి చివరి పోస్టులు మరింత దృఢంగా ఉండాలి, ఏడాదికోసారైనా బిగువు సరిచూసుకోవాలి. మెష్‌కు ఈ బాధ లేదు. గళ్లు దానంతట అవే ఆకారాన్ని నిలుపుకుంటాయి. సొంతంగా పని చేసుకునేవారికి మెష్ నప్పడానికి అసలు కారణం ఇదే.

మా డెక్ నేలకు రెండడుగుల ఎత్తులోనే ఉంది. రెయిలింగ్ తప్పనిసరా?

చాలా రాష్ట్రాలు తమ నిబంధనలకు ఆధారంగా తీసుకునే ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్ ప్రకారం, డెక్ ఉపరితలం కింది నేల కంటే 30 అంగుళాలకు మించి ఎత్తులో ఉంటేనే రెయిలింగ్ తప్పనిసరి. అయితే ఈ ఎత్తును డెక్ అంచుకు సరిగ్గా కిందనే కొలిస్తే చాలదు. అంచు నుంచి బయటికి 36 అంగుళాల దూరం లోపల నేల ఎక్కడ అన్నిటికంటే దిగువగా ఉంటే అక్కడికి కొలవాలి. పెరడు వాలుగా ఉన్న ఇళ్లలో అంచు దగ్గర 24 అంగుళాలే ఉన్న డెక్ కూడా ఈ లెక్కలో 30 దాటిపోవచ్చు. నిబంధన వర్తించకపోయినా, ఇంట్లో పెద్దవాళ్లో పసిపిల్లలో ఉంటే రెయిలింగ్ పెట్టుకోవడమే మంచిది.

రెయిలింగ్ ఎత్తు ఎంత ఉండాలి?

డెక్ పలక మీది నుంచి పై రెయిల్ పైభాగం వరకు కనీసం 36 అంగుళాలు. కాలిఫోర్నియాలో ఇది 42 అంగుళాలు. కొన్ని నగరాలు, కౌంటీలు సొంత సవరణలు చేసుకుంటాయి కాబట్టి చెక్క కొనడానికి ముందే స్థానిక భవన నిర్మాణ విభాగం వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. కనీస ఎత్తుకు సరిగ్గా కోయకుండా అర అంగుళం ఎక్కువ ఉంచుకుంటే, డెక్ పలకలు ఎక్కడైనా ఉబ్బెత్తుగా ఉన్నా కొలత తగ్గదు.

పర్మిట్ తీసుకోవాలా? హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) అనుమతి ఉంటే సరిపోదా?

సరిపోదు, ఈ రెండూ వేరువేరు. పర్మిట్ భద్రతకు సంబంధించినది, దాన్ని నగరమో కౌంటీయో ఇస్తుంది. హెచ్‌ఓఏ చూసేది ఇంటి రూపాన్ని, రంగును, పక్క ఇళ్లతో పొందికను. పాత రెయిలింగ్ స్థానంలో కొత్తది పెట్టడానికి పర్మిట్ కావాలా వద్దా అన్నది ఊరిని బట్టి మారుతుంది. ఫోన్ చేసి అడిగితే చెబుతారు. హెచ్‌ఓఏకు దరఖాస్తు పెట్టేటప్పుడు "వైర్ మెష్" అని మాత్రమే రాస్తే కమిటీవారు కోళ్ల దడిని ఊహించుకుని తిరస్కరించే ప్రమాదం ఉంది. తీగ మందం, రంగు, చట్రం చెక్క వివరాలతో పాటు పూర్తయిన రెయిలింగ్ బొమ్మ ఒకటి జతచేయడం ఉపయోగకరం. అనుమతి చేతికి వచ్చేదాకా పాతదాన్ని ఊడదీయవద్దు.

గళ్లలో కాళ్లు పెట్టి పిల్లలు పైకి ఎక్కరా?

ఎక్కగలరు. 4 అంగుళాల గడి మూడు నాలుగేళ్ల పిల్లల పాదానికి మంచి ఆసరా. ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్ ప్రస్తుత రూపంలో నిచ్చెనలా ఎక్కే వీలున్న రెయిలింగ్‌ను నిషేధించదు గానీ, కొన్ని స్థానిక నిబంధనలు ఒప్పుకోవు. కోడ్ ఒప్పుకున్నంత మాత్రాన తల్లిదండ్రుల ఆందోళన తీరదు కదా. చిన్నపిల్లలున్న ఇంట్లో, అందులోనూ రెండో అంతస్తు ఎత్తులో ఉన్న డెక్‌కు, 2 అంగుళాల గళ్ల మెష్ ఎంచుకోవడం నయం. బూటు ముందుభాగం అందులో అంత సులువుగా పట్టదు. పై రెయిల్‌ను లోపలివైపుకు కొంచెం ముందుకు వచ్చేలా వెడల్పుగా పెడితే ఎక్కడం ఇంకాస్త కష్టమవుతుంది. కుర్చీలు, బెంచీలు, పూలకుండీలు రెయిలింగ్‌కు ఆనించి పెట్టకపోవడం మాత్రం ఏ మెష్‌కైనా అవసరమే.

డెక్ పక్కనే ఈత కొలను ఉంది. ఇదే రెయిలింగ్ దానికి కంచెగా పనికొస్తుందా?

4 అంగుళాల గళ్ల మెష్ పనికిరాదు. కొలను చుట్టూ ఉండే కంచెకు నిబంధనలు వేరు, మరింత కఠినం. ఎత్తు కనీసం 48 అంగుళాలు ఉండాలి, సందులూ చాలా చిన్నవిగా ఉండాలి. ఈ సంగతి పర్మిట్ దరఖాస్తులోనే స్పష్టంగా రాసి, వారు చెప్పిన కొలతకు తగ్గ మెష్ తీసుకోవాలి.

## మెష్ ఎంపిక

పశువుల కంచెకు వాడే ప్యానెల్ చవకగా దొరుకుతోంది. అది పెట్టేస్తే పోలా?

గళ్ల కొలత చూడకుండా పెట్టకూడదు. రెయిలింగ్‌లో ఏ సందులోంచీ 4 అంగుళాల వ్యాసం ఉన్న బంతి దూరకూడదన్నది నిబంధన. పసిబిడ్డ తల ఇరుక్కోకుండా, ఒళ్లు జారిపోకుండా ఉండటానికి పెట్టిన కొలత ఇది. వ్యవసాయ సామగ్రి దుకాణాల్లో పశువులకూ పందులకూ అమ్మే ప్యానెళ్లలో గళ్లు సాధారణంగా 6 నుంచి 8 అంగుళాల వరకు ఉంటాయి. పందుల ప్యానెల్‌లో అడుగు వరుసలు దగ్గరగా ఉన్నా పైకి పోయేకొద్దీ ఎడం పెరుగుతుంది కాబట్టి అదీ తప్పుతుంది. అదే దుకాణంలో మేకల కోసం అమ్మే 4 అంగుళాల గళ్ల ప్యానెల్ కొలతకు సరిపోతుంది. ఒక తీగ మధ్య నుంచి పక్క తీగ మధ్యకు 4 అంగుళాలంటే, తీగ మందం పోగా మిగిలే ఖాళీ దాదాపు 3.8 అంగుళాలే. ఇంతా చేసి, వ్యవసాయ ప్యానెల్‌లో తీగలు అక్కడక్కడా వంకరగా ఉండటం, వెల్డింగ్ దగ్గర జింకు బొట్లుబొట్లుగా గట్టిపడి ఉండటం మామూలు. ఇంటి ముందు నుంచి కనబడే డెక్ అయితే రెయిలింగ్ కోసమే తయారుచేసిన ప్యానెల్ కొనడం మేలు. పెరటి డెక్‌కు మేకల ప్యానెల్ ఏ మాత్రం తీసిపోదు.

4 గేజ్, 6 గేజ్ అంటున్నారు. ఏది మందం?

గేజ్ అంకె తగ్గేకొద్దీ తీగ మందం పెరుగుతుంది. 4 గేజ్ తీగ మందం 0.225 అంగుళాలు, 6 గేజ్ 0.192 అంగుళాలు. 4 అంగుళాల గళ్లకు ఈ రెండూ తగినవే. ఇంతకంటే సన్నని తీగతో చేసిన చుట్టలుగా అమ్మే మెష్ తోట పనికే తప్ప రెయిలింగ్‌కు కాదు. చుట్ట విప్పాక అది చదునుగా నిలవదు, మోకాలు తగిలితే లోపలికి సొట్టపడుతుంది. నిబంధన ప్రకారం మెష్ ఒక చదరపు అడుగు మేర 50 పౌండ్ల ఒత్తిడిని తట్టుకోవాలి.

గాల్వనైజ్డ్ (జింకు పూత), పౌడర్ కోటింగ్ (పొడి రంగును వేడితో అంటించిన పూత), స్టెయిన్‌లెస్ స్టీలు: వీటిలో ఏది తీసుకోవాలి?

గాల్వనైజ్డ్ మెష్ రెండు రకాలు. ముందే జింకు పూసిన తీగలను వెల్డ్ చేస్తే, వెల్డ్ వేడికి ఆ చోట పూత కాలిపోయి తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది. వెల్డింగ్ అంతా అయ్యాక మొత్తం ప్యానెల్‌ను కరిగిన జింకులో ముంచి తీసినది ఎక్కువ కాలం మన్నుతుంది. కొనేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే. నల్లని పౌడర్ కోటింగ్ చూడటానికి అన్నిటికంటే బాగుంటుంది. నలుపు వెనకాల ఉన్న పచ్చదనంలో కలిసిపోయి తీగలు కంటికి ఆనవు. అయితే కోటింగ్ కింద గాల్వనైజింగ్ ఉన్నదే తీసుకోవాలి, లేకపోతే చిన్న గీత పడినా తుప్పు పూత కిందుగా పాకుతుంది. సముద్రతీరానికి దగ్గరగా, ఉప్పుగాలి తగిలే చోట ఇల్లుంటే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు ఖరీదైనా తగినది. న్యూజెర్సీ తీరంలో సరే గానీ, డల్లాస్ పెరట్లో దానికి డబ్బు పోయడం అనవసరం.

16 అడుగుల ప్యానెల్‌ను ఇంటికి ఎలా తీసుకురావాలి?

ఎస్‌యూవీలో పట్టదు. పికప్ ట్రక్కులో విల్లులా వంచి కట్టి తెచ్చేవారున్నారు గానీ, తాడు జారితే ప్యానెల్ ఒక్కసారిగా విచ్చుకుని మనిషిని గాయపరచగలదు. ముందుగానే పోస్టుల మధ్య కొలతలు రాసుకుని వెళ్లి, బోల్ట్ కట్టర్ తీసుకెళ్లి, దుకాణం ఆవరణలోనే రెండు మూడు అంగుళాలు ఎక్కువగా ఉంచి ముక్కలు చేసుకుంటే సరి.

## పోస్టులు

పాత పోస్టులు అలాగే ఉంచి మెష్ మాత్రం మార్చుకోవచ్చా?

పోస్టులు గట్టిగా ఉంటే మార్చుకోవచ్చు. పోస్టు పైభాగాన్ని రెండు చేతులతో పట్టుకుని బయటికీ లోపలికీ బలంగా ఊపి చూడాలి. అడుగున కిర్రుమని కదిలినా, బోల్టు చుట్టూ చెక్క నల్లబడి మెత్తగా ఉన్నా, స్క్రూడ్రైవర్ మొన సులువుగా దిగిపోయినా ఆ పోస్టు పనికిరాదు. మనుషుల్ని కింద పడకుండా ఆపేది మెష్ కాదు, పోస్టు. మెష్ ఖాళీని పూడుస్తుంది, అంతవరకే. ఊగే పోస్టుకు కొత్త మెష్ బిగిస్తే రెయిలింగ్ చూడటానికి బలంగా కనిపించి, నిజంగా బరువు పడిన రోజున మోసం చేస్తుంది. గృహప్రవేశానికి వచ్చిన బంధువులంతా గ్రూప్ ఫోటో కోసం డెక్ అంచున చేరి ఒకేసారి వెనక్కి ఆనుకోవడం మన ఇళ్లలో మామూలే కదా; రెయిలింగ్‌కు అసలు పరీక్ష అదే.

పోస్టును అంచు జోయిస్టుకు (డెక్ పలకలను కింద నుంచి మోసే దూలాల్లో అంచున ఉన్నదానికి) రెండు బోల్టులతో బిగించాను. ఇంకేం కావాలి?

చాలా డెక్‌లలో అసలు లోపం ఇక్కడే ఉంటుంది కాబట్టి కొంచెం వివరంగా చెప్పవలసి వస్తోంది. పై రెయిల్ మీద ఎక్కడైనా 200 పౌండ్ల బలంతో నెట్టినా తట్టుకోవాలన్నది నిబంధన. 36 అంగుళాల ఎత్తున నెట్టిన నెట్టుడు, గడ్డపారతో బండను లేపినట్టు, అడుగున ఉన్న బోల్టు దగ్గర ఎన్నో రెట్లు పెరుగుతుంది. లెక్క వేసి చూస్తే, పై బోల్టు డెక్ ఉపరితలానికి 3 అంగుళాలు కిందగా, దాని కింద 5 అంగుళాల ఎడంలో రెండో బోల్టు ఉన్నాయనుకుందాం. కింది బోల్టు నుంచి నెట్టిన చోటికి దూరం 44 అంగుళాలు; 200ను 44తో గుణించి 5తో భాగిస్తే పై బోల్టు మీద పడే లాగుడు 1,760 పౌండ్లు. బోల్టు దాన్ని భరిస్తుంది, కానీ ఆ బోల్టు పట్టుకుని ఉన్న అంచు జోయిస్టు, లోపలి జోయిస్టుల చివరలకు కొట్టిన మేకుల మీద మాత్రమే నిలబడి ఉంటుంది. చెక్క చివరి కోతలోకి దిగిన మేకు లాగుడుకు ఊడి వస్తుంది. అందువల్ల పై బోల్టును హోల్డ్‌డౌన్ లేదా టెన్షన్ టై అనే ఉక్కు బిగింపుతో లోపలి జోయిస్టుకు కట్టాలి. జోయిస్టులు అంచుకు సమాంతరంగా పోయే వైపున, పోస్టు దగ్గర రెండు జోయిస్టుల మధ్య అడ్డ దిమ్మెలు బిగించి వాటికి కట్టాలి. అమెరికన్ వుడ్ కౌన్సిల్ ప్రచురించే డెక్ నిర్మాణ మార్గదర్శి కూడా పోస్టుకు ఇటువంటి బిగింపునే చూపుతుంది.

పోస్టు అడుగు భాగాన్ని సగం చెక్కి డెక్ అంచు మీద కూర్చోబెట్టవచ్చా?

వద్దు. 4×4 అని అమ్మే పోస్టు నిజానికి మూడున్నర అంగుళాల చదరమే. అందులో సగం చెక్కేస్తే బరువు ఎక్కువగా పడే చోటనే చెక్క సన్నబడి, చెక్కిన మూల నుంచి నిలువునా చీలుతుంది. పాత ఇళ్లలో ఈ పద్ధతి విరివిగా కనిపిస్తుంది, ఇప్పుడు చాలాచోట్ల తనిఖీలో తిప్పి పంపుతారు.

పోస్టుల మధ్య ఎంత దూరం ఉండవచ్చు?

ఆరడుగులు మించకుండా చూసుకోవడం క్షేమం. ఎనిమిది అడుగుల ఎడంకు తయారైన ప్యానెళ్లు దొరుకుతాయి గానీ, అంత పొడవున చెక్క రెయిల్ కాలక్రమంలో నడుము వంగుతుంది, ఒక్కో పోస్టు మీద భారమూ పెరుగుతుంది. డెక్ పొడవును సమభాగాలుగా విభజించి, అన్ని ప్యానెళ్లూ ఒకే కొలతలో వచ్చేలా పోస్టులు అమరిస్తే కోత పని సగం తగ్గుతుంది.

ఇంట్లో ఉన్న మామూలు స్క్రూలు, బోల్టులు వాడవచ్చా?

వాడకూడదు. పుచ్చకుండా ఉండటానికి ప్రెజర్ ట్రీటెడ్ చెక్కలోకి ఎక్కించే రసాయనాల్లో రాగి ఉంటుంది. తడి తగిలినప్పుడు ఆ రాగి మామూలు ఉక్కును, పలుచని జింకు మెరుగు ఉన్న స్క్రూలను త్వరగా తినేస్తుంది. కరిగిన జింకులో ముంచి తీసిన అర అంగుళం బోల్టులు, వాషర్లు, లేదా స్టెయిన్‌లెస్ స్టీలువి వాడాలి. బోల్టు ఒక రకం, వాషర్ మరో రకం కాకుండా చూసుకోవాలి.

## ప్యానెల్ బిగింపు

మెష్‌ను చెక్కలో ఎలా కూర్చోబెట్టాలి?

రెండు పద్ధతులున్నాయి. మొదటిది గాడి పద్ధతి: పై రెయిల్, కింది రెయిల్, రెండు పక్క పట్టీల లోపలి అంచున టేబుల్ సా (బల్లకు అమర్చిన రంపం) తో గాడి తీసి, మెష్ అంచులను అందులోకి దించి చట్రం బిగించడం. అడ్డతీగ, నిలువుతీగ ఒకదానిమీద ఒకటి కూర్చుంటాయి కాబట్టి గాడి వెడల్పు రెండు తీగల మందానికి సరిపోవాలి. 6 గేజ్ మెష్‌కు దాదాపు 3/8 అంగుళం, పౌడర్ కోటింగ్ ఉంటే ఒక వెంట్రుక ఎక్కువ. రెండోది పట్టీల పద్ధతి: మెష్‌కు లోపల ఒక పట్టీ, బయట ఒక పట్టీ పెట్టి నడుమ నొక్కి పట్టేలా స్క్రూలు వేయడం. చూపుకు మొదటిదే అందం. కానీ రేపు ఒక ప్యానెల్ సొట్టపడితే మొదటి పద్ధతిలో చట్రమంతా విప్పాలి, రెండో పద్ధతిలో లోపలి పట్టీలు తీస్తే చాలు. కింది రెయిల్ గాడిలో వాన నీరు నిలిచి చెక్క పుచ్చుతుంది కనుక, ప్రతి అడుగున్నరకూ ఒక చిన్న రంధ్రం కిందికి వేయాలి.

గళ్లు రెండు చివర్లా సమానంగా రావడం లేదు. ఎలా సరిచేయాలి?

కోతను ఒక చివర నుంచి మొదలుపెట్టడం వల్ల ఇలా అవుతుంది. చట్రం లోపలి వెడల్పులో నట్టనడుమ గుర్తు పెట్టి, ఆ గుర్తు దగ్గరికి ఒక నిలువుతీగ గాని ఒక గడి నడుము గాని వచ్చేలా ప్యానెల్‌ను ఆనించి, అక్కడి నుంచి ఇరువైపులకూ కొలిచి కోయాలి. నడుమ తీగ వచ్చేలా పెట్టి ఒకసారి, గడి వచ్చేలా పెట్టి ఒకసారి చూస్తే, ఏ అమరికలో చివరి గడి మరీ సన్నని చీలికలా మిగలదో తెలుస్తుంది. నిలువుతీగలు ఉన్న ముఖం అన్ని ప్యానెళ్లలోనూ ఒకే వైపుకు ఉండాలి. ఒక్కటి తిరగబడినా సాయంత్రపు వాలు ఎండలో ఆ ప్యానెల్ మెరుపు వేరుగా కనిపించి, రోజూ కంటికి తగులుతుంది.

కోయడానికి ఏ పనిముట్టు మంచిది?

నాలుగైదు కోతలకు పొడవు పిడుల బోల్ట్ కట్టర్ చాలు. అయితే అది తీగ కొనను నొక్కి ఉలిలా పదునుగా వదులుతుంది. కొనలు నున్నగా రావాలంటే సన్నని కటింగ్ డిస్కు వేసిన యాంగిల్ గ్రైండర్ వాడాలి. కళ్లద్దాలు, చేతి తొడుగులు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. కోసిన ప్రతి కొనకూ జింకు ఎక్కువగా ఉండే స్ప్రే కొట్టి ఆరిన తర్వాతే చెక్కలో దించాలి. చెక్కను కోసిన చివరలకు కూడా పుచ్చకుండా కాపాడే కాపర్ నాఫ్తనేట్ పూయడం అవసరం, ఎందుకంటే ట్రీట్‌మెంట్ చెక్క నడుము దాకా దిగి ఉండదు.

కింది రెయిల్‌కూ డెక్‌కూ మధ్య ఎంత సందు వదలాలి?

4 అంగుళాల బంతి దూరకూడదు. 2 నుంచి 3 అంగుళాలు ఉంచితే చీపురు ఆడుతుంది, ఆకులూ మంచూ పేరుకోవు.

## మెట్లు

మెట్ల దగ్గర ప్యానెల్‌ను ఎలా కోయాలి?

మెట్ల వాలుకు తగినట్టు ప్యానెల్‌ను వంచలేము, వెల్డింగులు ఒప్పుకోవు. నిలువుతీగలు నిటారుగానే ఉండేలా ప్యానెల్‌ను పట్టి, పైనా కిందా వాలుగా కోయాలి. ముందుగా ఒక అట్టను రెయిళ్ల మధ్య పెట్టి గీసి, ఆ అట్టను మెష్ మీద పరిచి గుర్తులు పెట్టుకుంటే ఖరీదైన ప్యానెల్ పాడవదు. మెట్ల పక్కన రెయిలింగ్‌లో సందు 4 3/8 అంగుళాల బంతి దూరనంత ఉండవచ్చు; మెట్టు మీద కాలు పెట్టే పలక, నిలువు (రెండు మెట్ల మధ్య నిటారు భాగం), కింది రెయిల్ కలిసి ఏర్పడే ముక్కోణంలో 6 అంగుళాల బంతి దూరకూడదు.

పై రెయిల్ ఉంది కదా, మెట్లకు వేరే చేతిపట్టు ఎందుకు?

2×6 పలకను పడుకోబెట్టిన పై రెయిల్‌ను చేత్తో చుట్టి పట్టుకోలేము. కాలు జారినప్పుడు ఆసరా కావలసింది అరచేతికి కాదు, వేళ్ల పట్టుకు. మెట్ల నిలువులు నాలుగు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే, కనీసం ఒక పక్కన 34 నుంచి 38 అంగుళాల ఎత్తులో పట్టుకోవడానికి వీలైన చేతిపట్టు ఉండాలి. గుండ్రనిదైతే వ్యాసం అంగుళంపావు నుంచి 2 అంగుళాలు. ఊరి నుంచి వచ్చి ఆరు నెలలు ఉండే అమ్మానాన్నలు పెరట్లోకి దిగేది ఈ మెట్ల మీదుగానే కాబట్టి, వీలైతే రెండు పక్కలా పెట్టడం మంచిది.

## తనిఖీ, ఆ తర్వాత

ఇన్‌స్పెక్టర్ ఏమేమి చూస్తారు?

ఎత్తు, సందులు టేపుతో కొలుస్తారు, పోస్టును ఊపి చూస్తారు, బోల్టులూ ఉక్కు బిగింపులూ కంటితో చూడాలంటారు. డెక్ అడుగు భాగం మూసేసి ఉంటే బిగింపులు కనిపించవు కాబట్టి ఆ పనికి ముందే తనిఖీ పిలవాలి. బిగింపులకు ఫోటోలు తీసి ఉంచుకుంటే ఇల్లు అమ్మేటప్పుడు కూడా అక్కరకొస్తాయి.

కొత్త చెక్కకు వెంటనే స్టెయిన్ (చెక్కలోకి ఇంకే రంగు పూత) వేయవచ్చా?

ట్రీటెడ్ చెక్క తడిగా వస్తుంది, ఆరడానికి వారాలు, కొన్నిసార్లు నెలలు పడుతుంది. చెక్క మీద నాలుగు నీటి చుక్కలు చల్లి చూడండి. పూసల్లా నిలిస్తే ఆగాలి, ఇంకిపోతే వేయవచ్చు. ఆరేటప్పుడు చెక్క కుంచించుకుపోతుంది కనుక మొదటి వేసవి అయ్యాక బోల్టులన్నీ మరోసారి బిగించాలి.

మెష్ మీద చిక్కుడు, బీర పాదులు పాకించుకోవచ్చా? బట్టలు ఆరేయవచ్చా?

పాదుకు ఈ గళ్లకంటే మంచి పందిరి దొరకదు, పైగా సన్నని తీవె పాదుల బరువు మెష్‌కు లెక్కలోది కాదు. ఇబ్బంది తేమతోనే. దట్టంగా అల్లుకున్న చోట చెక్క ఆరక నాచు పడుతుంది. ఒకటి రెండు ప్యానెళ్లకే పరిమితం చేసి, మొదలు కుండీని రెయిలింగ్‌కు అడుగు దూరంలో పెట్టి, శీతాకాలం రాకముందే ఎండిన తీగలను పూర్తిగా తీసేస్తే సరిపోతుంది. పిల్లలు ఆడుకునే వైపున మాత్రం కుండీలు వద్దు, అవి మెట్లవుతాయి. బట్టల విషయంలో హెచ్‌ఓఏ నియమాలు చూసుకోవాలి. అవి ఒప్పుకున్నా తడి దుప్పట్లు, జీన్సులు రోజూ వేస్తే పై రెయిల్ మీది స్టెయిన్ త్వరగా పోతుంది.

తీగల మీద తుప్పు మచ్చలు కనిపిస్తున్నాయి. ప్యానెల్ మార్చాలా?

ముందు మచ్చ ఎక్కడుందో చూడాలి. తీగ నడుమ గీత పడిన చోట పైపైన ఉన్న తుప్పును వైరు బ్రష్‌తో రుద్ది, జింకు స్ప్రే కొట్టి, పైన అదే రంగు పెయింట్ వేస్తే ఆగుతుంది. వెల్డ్ దగ్గర తుప్పు పట్టి, బొటనవేలితో నొక్కినప్పుడు రెండు తీగలు విడివిడిగా కదులుతుంటే ఆ ప్యానెల్ మార్చవలసిందే, ఎందుకంటే వెల్డ్ వదిలిన తీగ పక్కకు జరిగి గడి 4 అంగుళాలు దాటుతుంది. చెక్క గాడి అంచున గోధుమరంగు చారలు కారుతుంటే లోపల కోసిన కొనలకు పూత సరిగా పడలేదన్నమాట. కింది రెయిల్ విప్పి కొనలు శుభ్రం చేసి, పూత వేసి, నీరు పోయే రంధ్రాలు పూడుకుపోయాయేమో చూసి మళ్లీ బిగించాలి.